టవర్ల వ్యాపారం: కుటుంబ సంస్థలు ఎదిగిందెలా, చిక్కుకున్నదెక్కడ?

పశ్చిమ దిల్లీలోని జనక్‌పురిలో తలెత్తి చూస్తే, డాబాల మీద నీళ్ల ట్యాంకుల పక్కన మొబైల్ టవర్లు కనిపిస్తాయి. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల ఉన్న ఈ కాలనీ తెలుగువారికి కొత్తేమీ కాదు. ఆ టవర్లన్నీ ఫోన్ కంపెనీలవేనని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాచోట్ల డాబా ఒకరిది, టవర్ మరొకరిది, దానిపై యాంటెన్నాలు ఇంకొకరివి. ఈ మధ్యనున్న టవర్ యజమానిదే ఒక పెద్ద వ్యాపారం.

పేజర్ మిగిల్చిన పాఠం

దేశంలో పేజర్, మొబైల్ సేవలు రెండూ 1995లోనే మొదలయ్యాయి. పేజర్ సందేశాన్ని అందుకుంటుంది, తిరిగి పంపలేదు. అందుకే ఎత్తయిన చోట శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్లు కొన్ని పెడితే నగరమంతటికీ సరిపోయేది. మొబైల్ అలా కాదు. చేతిలోని చిన్న ఫోన్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను టవర్ అందుకోవాలి. కాబట్టి టవర్లు దగ్గర దగ్గరగా, ఎక్కువ సంఖ్యలో కావాలి.

మొదట్లో మొబైల్ కాల్ ధర నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, ఇన్‌కమింగ్‌కూ డబ్బులు పడేవి. పేజర్‌కు గిరాకీ ఉన్నది ఆ రోజుల్లోనే. కాల్ ధరలు పడిపోయి, 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యేసరికి దాని పని అయిపోయింది. సేవ పాతబడినా, యాంటెన్నా పెట్టుకోవడానికి అనువైన ఎత్తయిన స్థలానికి మాత్రం విలువ తగ్గలేదు.

ఇద్దరు అద్దెకుంటేనే లాభం

సొంతంగా ఫోన్ సేవలు అందించకుండా, టవర్లు కట్టి అద్దెకిచ్చే సంస్థలకు 2000లో ప్రభుత్వం రిజిస్ట్రేషన్ విధానం తెచ్చింది. స్పెక్ట్రమ్ కొనే స్తోమత లేని సంస్థలకూ టెలికాం రంగంలోకి దారి దొరికింది.

లెక్క తేలికే. ఉదాహరణకు ఒక టవర్‌పై స్థలం అద్దె, అప్పు వాయిదా, నిర్వహణ కలిపి నెలకు 20 వేలు ఖర్చవుతుందనుకుందాం. ఒక కంపెనీ 25 వేలు అద్దె ఇస్తే మిగిలేది 5 వేలే. అదే టవర్‌పైకి రెండో కంపెనీ వచ్చి 20 వేలు ఇస్తే, ఖర్చు పెద్దగా పెరగదు కనుక ఆ సొమ్ములో ఎక్కువ భాగం లాభమే. రెండోవారు ఖాళీ చేస్తే మళ్లీ మొదటికే. ఒక్కో టవర్‌పై సగటున ఎన్ని కంపెనీలున్నాయన్నదే ఈ వ్యాపారానికి ప్రాణం.

రెండు సంస్థలు, రెండు దారులు

కోల్‌కతాకు చెందిన కనోరియా కుటుంబపు శ్రేయి గ్రూపు, క్విప్పో పేరుతో ఈ రంగంలోకి వచ్చింది. 2009లో టాటా టెలీసర్వీసెస్ టవర్ల విభాగంతో చేతులు కలిపింది. అలా ఏర్పడినదే వయోమ్ నెట్‌వర్క్స్. టవర్లతో పాటు టాటా రూపంలో అద్దెదారు కూడా దొరికారు. 2016లో అమెరికన్ టవర్ 7,635 కోట్ల రూపాయలకు వయోమ్‌లో 51 శాతం వాటా కొన్నది.

ముంబయికి చెందిన మనోజ్ తిరోద్కర్ స్థాపించిన జీటీఎల్ గ్రూపు దారి వేరు. 2010లో జీటీఎల్ ఇన్‌ఫ్రా, ఎయిర్‌సెల్‌కు చెందిన 17,500 టవర్లను సుమారు 8,400 కోట్ల రూపాయలకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. అందుకు భారీగా అప్పు చేసింది. కొత్త ఆపరేటర్లు వరుస కడతారన్నది అప్పటి ఆశ. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దు చేయడంతో ఆ ఆశకు గండిపడింది. 2018లో ఎయిర్‌సెల్ కూడా దివాలా తీసింది. టవర్లు ఉన్నాయి, అద్దె కట్టేవారే లేరు.

దిల్లీ కేంద్రంగా ఎదిగిన మిట్టల్ కుటుంబపు భారతీ గ్రూపుకు ఈ చిక్కు రాలేదు. తన టవర్లకు తొలి అద్దెదారు తన ఎయిర్‌టెల్లే. 2007లో వొడాఫోన్, ఐడియాలతో కలిసి ఇండస్ టవర్స్ నెలకొల్పింది. 2020లో ఇండస్, భారతీ ఇన్‌ఫ్రాటెల్ విలీనమై ఒకే సంస్థ అయ్యాయి. ఇప్పుడు ఇండస్‌కు 2 లక్షలకు పైగా టవర్లున్నాయి.

తగ్గిన అద్దెదారులు

2016లో జియో వచ్చాక చిన్న ఆపరేటర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, ప్రభుత్వ రంగ సంస్థలు. బేరం వారి చేతికి వెళ్లింది. చివరికి అమెరికన్ టవర్ కూడా భారత వ్యాపారాన్ని 2024లో బ్రూక్‌ఫీల్డ్‌కు అమ్మేసింది. జియో టవర్లను కొన్నదీ బ్రూక్‌ఫీల్డే. ఒక ప్రాంతంలో కొన్ని వందల టవర్లతో నెట్టుకొచ్చే సంస్థకు ఇక మిగిలిన చోటు తక్కువే.

జనక్‌పురిలో డాబా అద్దెకిచ్చిన ఇంటి యజమానికీ ఇది పట్టే విషయమే. రెండు ఆపరేటర్లు విలీనమైతే ఒకే వీధిలో రెండు టవర్ల అవసరం ఉండదు. ఒప్పందంపై సంతకం పెట్టేముందు నెలకు ఎంతిస్తారన్నదే కాకుండా, మధ్యలో ఖాళీ చేస్తే పరిహారం ఎంత, టవర్‌ను ఎవరి ఖర్చుతో దించుతారు, టవర్ కంపెనీ చేతులు మారితే బకాయిలకు ఎవరు బాధ్యులు అన్నవీ రాతపూర్వకంగా తేల్చుకోవాలి.