ఓపెన్ సోర్స్ సారథి తప్పుకుంటే తాళాలు ఎవరి చేతికి?

భిలాయ్: ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో చేరే ఉద్యోగికి తాను ఎప్పుడు పదవీ విరమణ చేయాలో తొలిరోజే తెలుస్తుంది. 60 ఏళ్ల వయోపరిమితి నిబంధనలలోనే ఉంది. ఆలోగా ఆ పని నేర్చిన మరొకరిని సిద్ధం చేసుకోవడం సంస్థ బాధ్యత. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు ఆధారపడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో అనేకానికి ఇటువంటి ఏర్పాటు లేదు. సారథి అలసిపోయిన నాడో, జీవనోపాధి మారిన నాడో తప్పుకుంటారు. ఆ నిష్క్రమణ ఎలా జరిగిందన్న దానిపై కోట్లాది వినియోగదారుల భద్రత ఆధారపడుతోంది.

సారథి చేతిలో ఏముంటుంది?

సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్పులు సూచించి, తిరిగి వాడుకోగలిగేదే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అయితే సూచించిన మార్పులలో ఏవి అధికారిక ప్రతిలో చేరాలో నిర్ణయించేది మెయింటెయినర్‌గా వ్యవహరించే నిర్వాహకుడు. కొత్త వెర్షన్‌ను విడుదల చేసే అధికారం, దానిపై డిజిటల్ సంతకం చేసే తాళం, ప్రాజెక్టు పాస్‌వర్డులు సాధారణంగా ఆయన వద్దే ఉంటాయి. చాలా సందర్భాలలో ఇది వేతనం లేని పని. నాయకత్వం మారినప్పుడు ఈ తాళాల గుత్తి కూడా చేతులు మారుతుంది.

పైథాన్‌లో ఏం జరిగింది?

నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో పైథాన్ భాష రూపకల్పన ప్రారంభించి, 1991లో విడుదల చేశారు. వివాదం తలెత్తితే తుది మాట ఆయనదే. సహచరులు ఆయనను సరదాగా 'జీవితకాల దయాళు నియంత' అని పిలిచేవారు. 2018లో భాషలో చేర్చదలచిన ఒక కొత్త గుర్తుపై తీవ్ర వాదోపవాదాలు జరిగాయి. ఆ ప్రతిపాదనను ఆమోదించిన అనంతరం, జూలై 12న, ఆ స్థానం నుంచి వైదొలగుతున్నట్లు ఆయన ప్రకటించారు. వారసుణ్ని తాను నియమించబోనని, ఇకపై పాలన ఎలా ఉండాలో ప్రధాన డెవలపర్లే తేల్చుకోవాలని స్పష్టం చేశారు.

పలు నమూనాలను చర్చించిన డెవలపర్లు అదే ఏడాది డిసెంబరులో ఓటింగు ద్వారా ఐదుగురు సభ్యుల మండలికి మొగ్గు చూపారు. ఒకే సంస్థకు చెందినవారు ఇద్దరికి మించి అందులో ఉండరాదని నియమం పెట్టుకున్నారు. 2019 ఆరంభంలో ఎన్నికైన తొలి మండలిలో వాన్ రోసమ్ కూడా ఒకరు. తదుపరి ఎన్నిక బరి నుంచి ఆయన తప్పుకున్నారు. అధికారం వదిలాక కూడా కొంతకాలం సామాన్య సభ్యునిగా ఉండి నిష్క్రమించడం వల్ల ప్రాజెక్టు కుదుపునకు లోను కాలేదు.

అలసటలో అప్పగిస్తే ఏమిటి ప్రమాదం?

ఇందుకు భిన్నమైన ఉదంతం ఎక్స్‌జెడ్. ఫైళ్లను కుదించే ఈ చిన్న ఉపకరణం అనేక లినక్స్ వ్యవస్థలలో భాగం. దానిని ప్రధానంగా ఒకే వ్యక్తి నిర్వహించేవారు. పని నెమ్మదిగా సాగుతోందంటూ 2022లో అపరిచిత ఖాతాల నుంచి ఆయనపై ఒత్తిడి వచ్చింది. ఇది జీతం లేని అభిరుచి పని అని, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన బదులిచ్చారు. 'జియా టాన్' అనే పేరుతో అప్పటికే సాయం చేస్తున్న మరో ఖాతా క్రమంగా సహ నిర్వాహక హోదా పొందింది. ఆ ఖాతా 2024లో విడుదల చేసిన వెర్షన్లలో రహస్య ద్వారాన్ని అమర్చింది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పట్టడం గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కారణం వెతికి, మార్చి 29న దానిని బయటపెట్టారు. ఆ లోపభూయిష్ట వెర్షన్లు విస్తృతంగా వ్యాపించక ముందే ముప్పు తప్పింది.

గడువు ముందే ఉంటే?

డెబియన్ ప్రాజెక్టు ఈ చిక్కును మరోలా పరిష్కరించుకుంది. అక్కడ నాయకుని పదవీకాలం ఒక్క ఏడాదే. ఏటా డెవలపర్లు ఓటు వేస్తారు. కేరళకు చెందిన శ్రుతి చంద్రన్ 2020లోనూ, 2024లోనూ ఈ పదవికి పోటీ చేశారు. వరుసగా నాలుగు దఫాలు నాయకత్వం వహించిన జొనాథన్ కార్టర్ 2024లో పోటీకి దిగలేదు. ఎన్నిక యథావిధిగా జరిగింది.

భిలాయ్ ఆవిర్భావంలోనూ ఇటువంటి పాఠమే ఉంది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. విదేశీ నిపుణులు ఉన్నప్పుడే భారతీయ ఇంజినీర్లు వారి పక్కన పని నేర్చుకున్నారు. పలువురు సోవియట్ కర్మాగారాలలో శిక్షణ పొందారు. చేతులు మారేనాటికి నేర్పు కూడా చేతులు మారింది.

వారసులే దొరకకపోతే?

గౌరవంగా మూసివేయడం కూడా ఒక మార్గమే. క్లౌడ్ సర్వర్లలో విరివిగా వాడే ఇంగ్రెస్ ఎన్‌జిన్ఎక్స్‌కు తగినంతమంది నిర్వాహకులు లేరని, 2026 మార్చి వరకే దానిని కొనసాగిస్తామని కుబర్నెటిస్ బృందం 2025 నవంబరులో ప్రకటించింది. ప్రత్యామ్నాయం చూసుకునేందుకు వినియోగదారులకు కొన్ని నెలల వ్యవధి లభించింది.

భారత్‌కు ఎందుకు ముఖ్యం?

ప్రభుత్వ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే విధానాన్ని కేంద్రం 2015లో ప్రకటించింది. ఇటువంటి ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్ల వరకు సాయం అందించే నిధిని బెంగళూరుకు చెందిన జెరోధా 2024లో ఏర్పాటు చేసింది. నిర్వాహకుని అలసటను ధనం కొంత తగ్గించగలదు. తాళాలు కనీసం ఇద్దరి వద్ద ఉండటం, నిర్ణయ విధానం రాతపూర్వకంగా ఉండటం, కొత్తవారికి ముందు కోడ్ సమీక్షను, చాలాకాలం తరువాతే విడుదల అధికారాన్ని ఇవ్వడం వంటివి మాత్రం సారథి ఓపికతో ఉన్నప్పుడే చేయవలసిన పనులు. ఏదైనా ఓపెన్ సోర్స్ ఉపకరణాన్ని ఎంచుకునే సంస్థలు దాని పనితీరుతో పాటు, రేపు దాని నిర్వాహకుడు తప్పుకుంటే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంటుంది.