దోర్నపాల్‌కు వీడియో ఇంటర్వ్యూ పిలుపు: ఆ ఈమెయిల్‌లో ఏముండాలి?

‘మీ ఇంటర్వ్యూ రేపు ఉదయం 11 గంటలకు. లింక్ కింద ఉంది.’ హైదరాబాద్‌లో ఉన్న అభ్యర్థికి ఈ రెండు ముక్కలు చాలు. అదే మెయిల్ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దోర్నపాల్ పరిసరాల్లో ఉన్న అభ్యర్థికి వెళితే? ఆ రెండు ముక్కలే అతడిని పోటీ నుంచి తప్పించవచ్చు. జవాబులు తెలియక కాదు, ప్రశ్నలు వినే అవకాశమే రాక.

2020లో కొవిడ్ లాక్‌డౌన్‌తో వీడియో ఇంటర్వ్యూలు మామూలైపోయాయి. ప్రయాణ ఖర్చులు, లాడ్జి అద్దె, పోయే రెండు రోజుల కూలి మిగులుతాయి కాబట్టి ఈ పద్ధతి వల్ల ఎక్కువ మేలు జరగాల్సింది దూర ప్రాంతాల వారికే. కానీ పిలుపు పంపే తీరు సరిగా లేకపోతే ఆ మేలు కాస్తా నగరంలో ఉన్నవాడికే దక్కుతుంది.

దోర్నపాల్ ఎందుకు?

దోర్నపాల్ జాతీయ రహదారి 30 మీద, సుక్మాకూ కుంటకూ మధ్య ఉంది. కుంట దాటితే చింతూరు, ఆపైన భద్రాచలం. కోయ, దోర్ల, హల్బీ, హిందీ, తెలుగు కలిసి వినిపించే సరిహద్దు ప్రాంతమిది. 2005లో మొదలైన సల్వా జుడుం కాలంలో ఇక్కడ పెద్ద శిబిరం వెలిసింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి ఉమ్మడి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవులకు వచ్చాయి. మన పత్రికలు గొత్తికోయలుగా రాసేది వారి గురించే. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వా జుడుం విషయంలో ప్రభుత్వాన్ని తప్పుపడుతూ తీర్పు ఇచ్చింది. దోర్నపాల్ నుంచి 56 కిలోమీటర్ల దూరంలోని జగర్‌గుండలో మూతపడిన బడి 13 ఏళ్ల తర్వాత 2019లో గానీ తెరుచుకోలేదు.

ఆనాటి పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కునే వయసులో ఉన్నారు. చదువులో విరామం, రెండు రాష్ట్రాల చిరునామాలు, సరిపోలని ధ్రువపత్రాలు వారి దరఖాస్తుల్లో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ‘మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారు?’ అని అడిగే ముందు ఈ చరిత్ర ఇంటర్వ్యూ చేసేవారికి తెలిసి ఉండాలి.

సిగ్నల్ లెక్క

వీడియో కాల్ ఎంత డేటా తింటుందో చూద్దాం. జూమ్ సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఇద్దరి మధ్య నాణ్యమైన వీడియోకు వెళ్లే దారిలో, వచ్చే దారిలో సెకనుకు 600 కిలోబిట్ల చొప్పున వేగం కావాలి. అంటే గంటకు దాదాపు 540 ఎంబీ, అరగంటకు 270 ఎంబీ. రోజుకు ఒక జీబీ ప్యాక్‌తో నడిచే ఫోన్‌లో అది పావు వంతు పైమాటే. కెమెరా ఆపి మాట మాత్రమే పంపితే సెకనుకు 80 కిలోబిట్లు చాలు. అరగంటకు 36 ఎంబీతో పని అయిపోతుంది.

డేటా కంటే వేగం పెద్ద సమస్య. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో మొదటి విడతగా పెట్టిన టవర్లు 2జీవి. వాటిలో 2,343 చోట్ల 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2022 ఏప్రిల్‌లో. 2జీ మీద వీడియో ఇంటర్వ్యూ జరిగే పని కాదు. 4జీ వచ్చినచోటా కరెంటు పోయినా, టవర్ మీద భారం పెరిగినా బొమ్మ ఆగిపోతుంది. రోడ్డు పక్కన ఉన్న దోర్నపాల్‌లో అందే సిగ్నల్ లోపలి ఊళ్లలోనూ అందుతుందని అనుకోకూడదు. ఇంటర్వ్యూ కోసం అభ్యర్థి పట్టణానికి రావాల్సి వస్తే అతడికి ఒక రాత్రి ముందు వచ్చిన మెయిల్ వల్ల ఉపయోగం లేదు. కనీసం మూడు, నాలుగు రోజుల వ్యవధి కావాలి.

ఇంకో చిక్కు. చాలామంది నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెడతారు. మెయిల్ ఐడీ కూడా సెంటర్ నిర్వాహకుడే తయారు చేసిపెడతాడు. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద ఉంటుంది, ఆ చీటీ పోతుంది. అందుకే మెయిల్ పంపి ఊరుకోకుండా, ఎస్ఎంఎస్ ఇచ్చి ఒకసారి ఫోన్ చేయడం అవసరం. జవాబు రాలేదంటే ఆసక్తి లేదని కాదు, మెయిల్ చూడలేదని అర్థం కావచ్చు.

మెయిల్ ఎలా ఉండాలి?

ఒక నమూనా చూడండి:

‘విషయం: క్షేత్ర సహాయక ఉద్యోగం – వీడియో ఇంటర్వ్యూ – మంగళవారం ఉదయం 11 గంటలు

నమస్కారం. మీరు దరఖాస్తు చేసిన క్షేత్ర సహాయక ఉద్యోగానికి మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలుస్తున్నాం. సుమారు 30 నిమిషాలు పడుతుంది. మా వైపు నుంచి ఇద్దరు మాట్లాడతారు. తెలుగులోనైనా, హిందీలోనైనా జవాబు చెప్పవచ్చు. వీడియో సరిగా రాకపోతే కెమెరా ఆపేయండి, దాన్ని లోపంగా చూడం. కాల్ తెగిపోతే 10 నిమిషాల్లో మేమే మీ ఫోన్‌కు కాల్ చేస్తాం. ఈ సమయం కుదరకపోతే బుధ, గురువారాల్లో మీకు వీలైన సమయం చెప్పండి. ఇంటర్వ్యూను రికార్డు చేయం. ఏ దశలోనూ డబ్బు అడగం. ఈ మెయిల్ అందితే ‘సరే’ అని జవాబు ఇవ్వండి.’

దీని కింద లింక్, మాట్లాడేవారి పేర్లు, హోదాలు, పనిచేసే ఫోన్ నంబరు ఉండాలి. తేదీ, సమయం విషయం వరుసలోనే పెడితే మెయిల్ తెరవకుండానే కనిపిస్తాయి. కాల్ తెగితే ఏం చేయాలో ముందే చెబితే అభ్యర్థి కంగారు సగం తగ్గుతుంది. జవాబు పంపే వీలులేని చిరునామా నుంచి మాత్రం పిలుపు పంపకూడదు. ఉచిత జూమ్ ఖాతాలో 40 నిమిషాలకు కాల్ దానంతట అదే ఆగిపోతుంది కాబట్టి సమయాన్ని ఆ పరిమితిని బట్టి కుదుర్చుకోవాలి.

పిలుపు నిజమా, వలా?

అభ్యర్థి వైపు నుంచి మొదటి ప్రశ్న ఇదే. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం మరచిపోలేం. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఏజెంట్లు యువకులను పంపించారు. తీరా అక్కడికి వెళ్లాక వారితో సైబర్ మోసాలు చేయించారు. ఉద్యోగం అవసరం ఎంత ఎక్కువైతే ఎర అంత సులువుగా పనిచేస్తుంది.

అందుకే మెయిల్ రాగానే పంపినవారి చిరునామాలో ‘@’ తర్వాత ఉన్న పేరు సంస్థ వెబ్‌సైట్ పేరుతో కలుస్తోందో లేదో అక్షరం అక్షరం చూడాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. రిజిస్ట్రేషన్, శిక్షణ, ల్యాప్‌టాప్ డిపాజిట్ పేరుతో డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి. ఇంటర్వ్యూ దశలో ఓటీపీ, బ్యాంకు వివరాలు అవసరం లేదు. తెలియని యాప్ దించుకోమంటే, స్క్రీన్ పంచుకోమంటే అనుమానించాలి. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉన్నాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

‘డబ్బు అడగం’ అన్న వాక్యాన్ని నమూనాలో పెట్టింది కూడా ఇందుకే. మోసగాడు కూడా అలా రాయవచ్చు. అయినా తర్వాత ఎవరైనా డబ్బు అడిగితే అది ఆ సంస్థ మాట కాదని అభ్యర్థికి వెంటనే అర్థమవుతుంది.

రికార్డింగ్, భాష

ఇంటర్వ్యూ రికార్డు చేయాలనుకుంటే అభ్యర్థి ముఖం, గొంతు వ్యక్తిగత సమాచారం అవుతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరేటప్పుడు ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. దీని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అమలు దశలవారీగా సాగుతుంది.

ఆ 22 భాషల్లో తెలుగు, హిందీ ఉన్నాయి. 2003లో 92వ సవరణతో సంతాలీ, బోడో కూడా చేరాయి. గోండీ, కోయ, హల్బీలకు మాత్రం చోటు లేదు. దోర్నపాల్ పరిసరాల అభ్యర్థికి తన తల్లి భాషలో నోటీసు అడిగే హక్కు ఈ చట్టం ఇవ్వడం లేదన్నమాట. చట్టం అడగకపోయినా సంస్థ చేయగలిగింది ఒకటుంది: మెయిల్‌ను సరళమైన హిందీలోనో తెలుగులోనో రాయడం, దానిలోని విషయాన్ని ఫోన్‌లో ఒకసారి వివరించడం. గ్రామాల్లో పనిచేయడానికి కోయ మాట్లాడేవారే కావాలనుకునే సంస్థ, వారిని ఇంగ్లిష్ మెయిల్‌తో వడగడితే నష్టపోయేది తానే.

ఇవన్నీ పాటించడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. మెయిల్‌లో నాలుగైదు వాక్యాలు, ఒక ఫోన్ కాల్, రెండు మూడు రోజుల వ్యవధి చాలు. సిగ్నల్ బాగున్నవారిని కాకుండా పని బాగా చేయగలవారిని ఎంచుకోవాలనుకునే ఏ సంస్థకైనా ఇది పెద్ద ఖర్చు కాదు.