తుపాకి కొయ్యకు పూత: నూనెయా, లక్కయా, రంగా?



చేనికావలికై లైసెన్సుతో తుపాకి ఉంచుకొను ఇండ్లు మన గ్రామములందు నేటికిని కొన్ని గలవు. గొట్టము త్రుప్పు పట్టకుండ నూనె రాయవలెనని ఎల్లరును ఎరుగుదురు. భుజమునకు ఆనించుకొను కొయ్యను మాత్రము పట్టించుకొనువారు తక్కువ. అది మాసినప్పుడు తలుపులకు పూయగా మిగిలిన రంగు దానికిని పూయుదురు. ఒకప్పుడు నేనును అట్లే చేసితిని.

మా తండ్రిగారి తుపాకి కొయ్య నల్లబడినదని, ఇరువదియేండ్ల ప్రాయమున నేను దానికి ఆకుపచ్చని ఎనామిలు రంగు రెండు పూతలు వేసితిని. చూచినవారు మెచ్చుకొనిరి. పండ్రెండేండ్లకు ఆ రంగు పెచ్చులూడగా గీకివైచితిని. మీటకు వెనుక, చేయి పట్టుచోట, బొటనవ్రేలి పొడవున బీట యొకటి కనబడినది. బీటలోపల ఆకుపచ్చ రంగు దిగియుండెను. అనగా నేను రంగు పూసిననాడే బీట యున్నది. దానిని దాచినది నా పూతయే. ఆ పండ్రెండేండ్లును మా తండ్రిగారు ఆ కొయ్యకే చెంప చేర్చి కాల్చిరి. దైవానుగ్రహమున కీడు జరుగలేదు.

తుపాకి ప్రేలినప్పుడు వెనుకకు తన్నును గదా! ఆ తాకిడి నంతయు కొయ్య భరింపవలెను. అందును చేయి పట్టుచోటు మిక్కిలి సన్నము. కావున పూత వేయుటకు ముందు కొయ్యను చూచుట ముఖ్యము. తుపాకిలో తూటా లేదని స్వయముగా రెండుమారులు చూచికొని, పగటి వెలుతురున మీట చుట్టును, మరల చుట్టును పరీక్షింపుడు. బీట కనబడినచో పూత మాట మాని, లైసెన్సు గల మరమ్మతుదారునికి చూపుడు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకులు బాగుచేయుట వృత్తిగా గలవానికి లైసెన్సు ఉండవలెను.

కొయ్యకు అసలు పూత యెందులకు? వానకాలమున కొయ్య తేమ పీల్చి అడ్డముగా ఉబ్బును, వేసవిలో కుదించుకొనును. అందుచేత మరలు వదులగును. రైఫిలునందు ఉబ్బిన కొయ్య గొట్టమును ఒరసికొని గురిని సైతము తప్పించును. పూత ఈ రాకపోకలను మందగింపజేయును; పూర్తిగా ఆపజాలదు.

పూతలలో మొదటిది అవిసె నూనె. పోలీసుల భుజములపై మనము చిరకాలము చూచిన .303 రైఫిలు అక్రోటు కొయ్యకు సైనికులు రుద్దుచుండినది ఇదియే. ఇది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి కొయ్యలోనే గట్టిపడును. పలుచగా రుద్ది, పావుగంట తాళి, మిగిలినదంతయు తుడిచివేయవలెను. రోజునకొకమారు వారము, వారమునకొకమారు నెల, నెలకొకమారు సంవత్సరము రుద్దుమని పాతకాలపు పనివారి మాట. నీటిని ఆపుటలో ఇది తక్కిన పూతలకంటె దుర్బలమే. కాని గీత పడినచోట మరల రుద్దిన చాలును. కొయ్యలోని దోషమును దాచదు. లోహపు మరలకు మాత్రము దీనిని పూయరాదు. ఎండి బంకయై వానిని బిగించివేయును.

రెండవది లక్క. మోదుగ, రేగు వంటి చెట్లపై లక్కపురుగు పెట్టు పదార్థమును స్పిరిటులో కరగించి గుడ్డతో రుద్దుదురు. త్వరగా ఆరి అద్దమువలె మెరయును. కాని నీటిచుక్క నిలిచినచోట తెల్లమచ్చ పడును, వేడిమికి మెత్తబడును. ఇంట నుంచు పెట్టెకు తగును గాని, మంచులో తిరుగు తుపాకికి తగదు.

మూడవది వార్నీషు, నేడు పాలియురిథేను రకము విరివిగా దొరకును. తేమను నూనెకంటె బాగుగ ఆపును. అయితే దెబ్బ తగిలి పొర లేచెనా, అతుకు తెలియకుండ సరిచేయుట కష్టము. తరచు పాతపొర నంతయు తీయవలసివచ్చును.

నాలుగవది రంగు. తేమను ఇదియు బాగుగనే ఆపును. కాని కొయ్య చారలతోపాటు బీటలను గూడ కప్పివేయును. పాత రంగులలో సీసము ఉండవచ్చును. కావున పొడిగా గీకి ఆ ధూళిని పీల్చరాదు. తడిపి గీకి, తుక్కును పిల్లలకు దూరముగా పారవేయవలెను.

ఏ పూత యైనను పాతది తీయునపుడు లోహమునకు ఆనుకొనిన అంచులను గరుకు కాగితముతో అరగదీయరాదు. కొయ్య లోహముకంటె క్రుంగి పొందిక చెడును. తుపాకిపై గల సంఖ్యను, ముద్రలను తాకనేరాదు. సొట్టలున్నచోట తడిగుడ్డ పరచి కాగిన ఇస్త్రీపెట్టె తాకించినచో ఆవిరికి కొయ్య ఉబ్బి సమమగును. మడమరేకు క్రింది అడ్డకోత ముఖము నీటిని మిక్కిలిగా పీల్చును. అక్కడ పూత మరువకుడు.

ఇక ఒక ముఖ్యమైన హెచ్చరిక. అవిసె నూనె ఆరునప్పుడు వేడి పుట్టును. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో ఆ వేడి లోపలనే నిలిచి, నిప్పు తగులకయే కొన్ని గంటలలో రగులుకొనవచ్చును. గడ్డివాములు గల ఇంట ఇది ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. ఆ గుడ్డలను నీట తడిపి ఉంచుడు. లేదా ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి ఆరనిండు.

మా తండ్రిగారి తుపాకికి కొత్త కొయ్య వేయించితిమి. దానికి నేటివరకు అవిసె నూనె తప్ప వేరొకటి పూయలేదు. ఏటేట వానలకు ముందు దానిని రుద్దునప్పుడు, చేయి పట్టుచోట బొటనవ్రేలితో ఒకమారు తడిమి చూచుట నాకు అలవాటైనది. మీరును అట్లే చూచుకొనుడని నా మనవి.