ట్రక్కు టైరు కొనేముందు అంకెలు చూడండి

మాసూళ్ళు ముగిసి ధాన్యం మిల్లులకు తరలే రోజులలో డెల్టా గ్రామాలలో ట్రాక్టరు ట్రక్కులకు విశ్రాంతి ఉండదు. అరిగిన టైర్లు మార్చే రైతులు ముందుగా ధర అడుగుతారు. అంతకంటే ముందు చూసుకోవలసింది బరువు.

బస్తా 75 కిలోల లెక్కన 60 బస్తాలు వేస్తే 4,500 కిలోలు. రెండు చక్రాల ట్రక్కులో ఇందులో ఎక్కువ భాగం ఆ రెండు టైర్లే మోయాలి. బస్తాలపై కూలీలు కూర్చుని ఉండగా కాలువ గట్టుమీద టైరు పేలితే పోయేది ధాన్యం ఒక్కటే కాదు.

టైరు ప్రక్కన 9.00-16 అని ఉంటే వెడల్పు 9, రిమ్ము 16 అంగుళాలని అర్థం. ట్రాక్టరు ముందు చక్రాలకు వేసే 6.00-16 టైరుపైనా 16 ఉంటుంది గాని, అది ట్రక్కు బరువుకు ఆగదు. 'పీఆర్' అక్షరాలతో ఉన్న అంకె టైరు బలాన్ని తెలుపుతుంది. ట్రక్కుకు నిర్ణయించిన దానికంటే అది తగ్గరాదు.

తయారీ ముద్రలో 3523 అని ఉంటే 2023వ సంవత్సరం 35వ వారంలో తయారైనదన్నమాట. అరగకపోయినా ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న రబ్బరు పగుళ్ళిస్తుంది.

రెండు టైర్లూ జతగా మార్చుకోవటం మేలు. కొత్త టైరైనా గాలి తక్కువైతే వేడెక్కి పాడవుతుంది. బస్తాలు ఎత్తకముందే గాలి చూపించుకోవాలి.