సేవ చేయడానికి డిగ్రీ ఎందుకంటారా?

విశాఖపట్నం: డిగ్రీ పూర్తయ్యాక సోషల్ వర్క్ చదువుతానని అమ్మాయి అంటే, ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఇదే. సేవ చేయాలంటే మనసుంటే చాలదా అంటారు.

జవాబు కావాలంటే ఒక ఉదయం కింగ్ జార్జి ఆస్పత్రి ఓ.పి. దగ్గర నిలబడి చూడండి. మన్యం నుంచి రోగిని వెంటబెట్టుకొచ్చిన మనిషికి చీటీ ఎక్కడ రాయించాలో తెలియదు. డాక్టరు చెప్పిందాంట్లో సగమే అర్థమవుతుంది. అతన్ని చూసి జాలిపడడం ఎవరైనా చేస్తారు. ఏ పథకం వర్తిస్తుందో చూడడం, మందులు మానేస్తే ఏమవుతుందో ఇంటివారికి నచ్చజెప్పడం, నెల తర్వాత మళ్లీ వాకబు చేయడం మాత్రం నేర్చుకుంటేనే వచ్చే పనులు.

దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో, సర్ దొరాబ్జీ టాటా పేరిట వెలసిన స్కూలుతో మొదలైంది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ అదే. దానికి హైదరాబాదులోనూ క్యాంపస్ ఉంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, ఉస్మానియా, హైదరాబాదులోని రోడా మిస్త్రీ కళాశాల ఎం.ఎస్.డబ్ల్యు. నడుపుతున్నాయి. రెండేళ్ల కోర్సు. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. ఏది చదివినవారైనా అర్హులే. ఆంధ్రలోని విశ్వవిద్యాలయాలకు ఏ.పి. పి.జి.సెట్, తెలంగాణకు సి.పి.గెట్, టాటా సంస్థకు సి.యు.ఇ.టి. రాయాలి.

కాలేజీ పేరు చూసి మురిసిపోవద్దు. ఈ చదువుకు ప్రాణం ఫీల్డ్ వర్క్. మంచిచోట వారానికి రెండు రోజులు విద్యార్థి ఆస్పత్రిలోనో, మురికివాడలోనో, బాలల గృహంలోనో పనిచేయాలి. చూసింది రాసి తేవాలి. అధ్యాపకుడు కూర్చోబెట్టి ‘ఆమెతో ఆ మాట ఎందుకన్నావు?’ అని నిలదీయాలి. సంతకాల కోసం రికార్డు నింపే పద్ధతి ఉన్నచోట రెండేళ్లూ వృథా. కనుక చేరకముందే రెండో సంవత్సరం విద్యార్థులను పట్టుకుని, నిరుడు ఎక్కడికి పంపారో, వారం వారం ఎవరు చూశారో అడగండి. ఇంట్లో వీలుకాని వారికి ఇగ్నో దూరవిద్య ఉంది. అందులోనూ ఫీల్డ్ వర్క్ తప్పదు.

ఇక ఉద్యోగాలు. 500 మంది పైబడిన ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని 1948 చట్టం చెప్పింది. 2020 నాటి లేబర్ కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. విశాఖ వంటి ఫ్యాక్టరీల ఊరికి ఇది చిన్న మాట కాదు. అవయవ మార్పిడి చేసే ఆస్పత్రులకు సమన్వయకర్తలు కావాలి, నిబంధనల్లో ఎం.ఎస్.డబ్ల్యు. వారికి ప్రాధాన్యం ఉంది. కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు వెచ్చించాలన్న 2013 చట్టం వచ్చాక ఆ విభాగాల్లోనూ చోటు దొరుకుతోంది.

మానసిక వైద్యశాలలో పనిచేయదలచిన వారికి ఎం.ఎస్.డబ్ల్యు. ఒక్కటే చాలదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. ఉండాలి. బెంగుళూరు నిమ్హాన్స్ దీనికి పేరున్న చోటు. అయితే యు.జి.సి. ఎం.ఫిల్.లను 2022లో ఎత్తివేసి, ఈ కోర్సుకు 2025-26 వరకే గడువిచ్చింది. ఆపై సంగతి దరఖాస్తుకు ముందే సంస్థను అడిగి తెలుసుకోవాలి.

జీతం సంగతి దాచి లాభం లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కరుకు మిషన్ వాత్సల్య కింద నిర్ణయించింది నెలకు 18,536 రూపాయలు. ప్రొటెక్షన్ ఆఫీసరుకు 27,804. ఇవి కాంట్రాక్టు ఉద్యోగాలు. బాల్యవివాహం ఆపడానికి రాత్రివేళ పల్లెకు పరుగెత్తే మనిషికి ఇదేం జీతమని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంటి భారం మోయవలసిన వారు ఫ్యాక్టరీ, ఆస్పత్రి వైపు చూడడంలో తప్పేమీ లేదు. మొదటి సంవత్సరం చివరికే ఏ స్పెషలైజేషన్ అన్నది తేల్చుకోవాలి గనుక, ఈ లెక్క ఇంట్లో వారితో కలిసి ముందే వేసుకోవడం మంచిది.