టైమ్‌షేర్ అమ్ముతున్నారా?

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తీసుకున్న సభ్యత్వం. ఏటా వేసవిలో వారం రోజులు కొడైకెనాల్లోనో మున్నార్‌లోనో విడిది. ఇప్పుడు అబ్బాయి అమెరికాలో, అమ్మాయి అత్తారింట్లో. కొండలెక్కే ఓపిక పెద్దవాళ్లకు లేదు. వార్షిక రుసుము బిల్లు మాత్రం ఠంచనుగా వస్తోంది. 'అమ్మేస్తే పోలా!' అనిపించడం సహజం. కానీ దాన్ని అమ్మడం, ఇంటిస్థలం అమ్మినంత తేలిక కాదు.

మనదేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో క్లబ్ మహీంద్రా ప్రారంభమయ్యాక టైమ్‌షేర్ అన్న మాట మధ్యతరగతికి పరిచయమైంది. సాధారణంగా ఇక్కడ మనం కొనేది గదిని కాదు, కొన్నేళ్లపాటు దాన్ని వాడుకునే హక్కుని. స్థలం ధర ఏటా పెరగొచ్చు. ఈ హక్కు అలా కాదు, ఏడాది గడిచేకొద్దీ తరిగిపోతుంది.

ముందు ఒప్పందం చదవండి

సభ్యత్వాన్ని ఇతరుల పేరిట మార్చొచ్చా? మార్పిడి రుసుమెంత? బాకీలన్నీ తీర్చాలా? వాడకుండా మిగిలిన రోజులు కొత్తవారికి దక్కుతాయా? ఆర్‌సీఐ లాంటి సంస్థల ద్వారా వేరే రిసార్టులకు వెళ్లే వీలు వారికీ ఉంటుందా? వీటికి కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ప్రకటన ఇవ్వండి.

ధర ఎలా కట్టాలి?

ఉదాహరణకు, 3 లక్షలు పెట్టి 25 ఏళ్ల సభ్యత్వం కొన్నారు. పదేళ్లు గడిచాయి. మిగిలిన 15 ఏళ్లకు 1.8 లక్షలు రావాలన్నది మీ లెక్క. కొనేవాళ్ల లెక్క వేరు. ఏటా కట్టాల్సిన రుసుము 21 వేలనుకుంటే, ఏడు రాత్రులకు రోజుకు 3 వేలు. అలాంటి గదే బయట 3,500కి దొరుకుతుంటే వాళ్లకి మిగిలేది ఏడాదికి 3,500. పదిహేనేళ్లకు 52,500. అందులో మార్పిడి రుసుమూ పోతుంది. బయట గది ఇంకా చవకైతే, ఉచితంగా ఇస్తామన్నా తీసుకోరు!

ఫోన్లతో జాగ్రత్త

'మీ సభ్యత్వానికి 5 లక్షలిచ్చే పార్టీ సిద్ధంగా ఉంది. ముందు జీఎస్టీ, ఎన్ఓసీ ఖర్చులు పంపండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. కొనేవాడు డబ్బిస్తాడు కానీ అడగడు. ఐరోపా సమాఖ్య 2008లో తెచ్చిన నిబంధన ప్రకారం, టైమ్‌షేర్ తిరిగి అమ్మిపెట్టే ఏజెంట్లు అమ్మకం పూర్తికాకుండా ముందస్తుగా డబ్బు తీసుకోకూడదు. ఆ నియమాన్ని మనమూ పాటిస్తే మంచిది. ఓటీపీ, బ్యాంకు వివరాలు ఎవరికీ చెప్పొద్దు. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అమ్ముడుపోకపోతే...

సభ్యత్వం వెనక్కి తీసుకుంటారేమో కంపెనీని అడగండి. పిల్లల పేరిట మార్చాలనుకుంటే మాత్రం, ఏటా రుసుము కట్టడం వాళ్లకి ఇష్టమేనా అన్నది ముందే కనుక్కోండి. కంపెనీ ఇస్తానన్న సేవల్లో లోపముంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. సాధారణంగా రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

బేరం కుదిరినా పని అయిపోయినట్లు కాదు. సభ్యత్వం కొత్తవారి పేరిట మారిందని కంపెనీ ఇచ్చే లేఖ చేతికి రావాలి. అప్పటిదాకా బిల్లు మీ పేరుతోనే వస్తుంది!