ప్రత్యేకాధికారుల పాలన – కేంద్ర ఆర్థిక సంఘం నిధులు: దిగువ కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

సర్పంచి పదవీకాలం ముగిసిన మరునాడు గ్రామ పంచాయతీ కార్యాలయం మూతపడదు. ఇంటిపన్ను రసీదులు, జనన మరణ ధ్రువపత్రాలు, వీధిదీపాల బిల్లులు యథావిధిగా సాగుతాయి. సంతకం చేసే చెయ్యి మాత్రం మారుతుంది. ఎన్నికైన సర్పంచి స్థానంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి కూర్చుంటాడు. పన్ను వసూలు చేయడానికి, సిబ్బందికి జీతాలివ్వడానికి ఆయన సంతకం చెల్లుతుంది. కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంటు మాత్రం ఆయన పాలనలో ఉన్న ఊరికి రాదు. ఇలా కేంద్ర నిధులకు అనర్హుడైన అధికారిని ఆ స్థానం నుంచి తొలగించే అధికారం ఎవరిది, తొలగించకపోతే నష్టం ఎవరిది అన్న రెండు ప్రశ్నలను మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదవి స్వరూపం

1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థల పదవీకాలాన్ని ఐదేళ్లుగా నిర్ణయించాయి. గ్రామాలకు 243-ఇ అధికరణం, పట్టణాలకు 243-యు అధికరణం ఈ విషయాన్ని చెబుతున్నాయి. గడువు తీరకముందే కొత్త పాలకవర్గానికి ఎన్నిక పూర్తికావాలి. ఈ నియమం తప్పనిసరి అని కిషన్ సింగ్ తోమర్ కేసులో (2006) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే రాజ్యాంగం దృష్టిలో ఒక పాలకవర్గానికి, మరొక పాలకవర్గానికి నడుమ ఖాళీ ఉండకూడదు. ఉండకూడని ఆ ఖాళీలోనే ప్రత్యేకాధికారి పుడతాడు.

'ప్రత్యేక' అన్న విశేషణం అసాధారణమైన, తాత్కాలికమైన ఏర్పాటును సూచిస్తుంది. పత్రికలలో స్థిరపడిన ప్రయోగం మాత్రం 'ప్రత్యేకాధికారుల పాలన'. ఆపద్ధర్మంగా వచ్చినవానికి 'పాలన' అన్న మాట జతకావడం గమనించదగ్గది. భాష ఇక్కడ చట్టం కంటే నిజాయితీగా ఉందనిపిస్తుంది. గ్రామాలలో ఈ బాధ్యత సాధారణంగా మండల స్థాయి అధికారులకు అదనపు విధిగా అప్పగిస్తారు. ఒకే అధికారి అనేక గ్రామాలను చూస్తాడు. సొంత శాఖ పని ఎలాగూ ఉంటుంది.

ఎన్నికైన సర్పంచి తప్పు చేస్తే 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షను కింద జిల్లా కలెక్టరు తొలగించవచ్చు. ప్రత్యేకాధికారి విషయంలో ప్రజల చేతిలో అటువంటి సాధనం ఏదీ లేదు. ప్రభుత్వం ఆయనను బదిలీ చేయవచ్చు, కానీ ఆ కుర్చీలోకి మరో ప్రత్యేకాధికారి వస్తాడు. వ్యక్తి మారతాడు, అనర్హత మిగిలిపోతుంది. ఆ అనర్హతను తొలగించగలిగేది ఎన్నిక ఒక్కటే.

ఈ ప్రాంతానికే చెందిన ఒక పూర్వ ఘట్టంతో పోల్చితే తేడా బాగా తెలుస్తుంది. గుడివాడకు చేరువలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1984 జనవరిలో ఒక ఆర్డినెన్సుతో కరణాలు, మునసబుల వంటి పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. టి.వెంకటరెడ్డి కేసులో (1985) సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తరతరాలుగా ఊరి దస్త్రాలపై పట్టు నిలుపుకున్న పదవులు ఒక్క కలంపోటుతో పోయాయి. నిన్న మొన్న నియమితుడైన ప్రత్యేకాధికారిని తొలగించడానికి మాత్రం ఓటర్ల జాబితా, రిజర్వేషన్లు, వార్డుల విభజన, రాష్ట్ర ఎన్నికల సంఘం, ఒక్కోసారి సుప్రీంకోర్టు కూడా కావలసివస్తున్నాయి.

నిధుల షరతు

స్థానిక సంస్థలకు రాష్ట్రం ఇచ్చే వనరులకు తోడుగా ఏంచేయాలో సూచించే బాధ్యతను 280వ అధికరణం కేంద్ర ఆర్థిక సంఘానికి అప్పగించింది. 2015–20 కాలానికి 14వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామ పంచాయతీలకు, పురపాలక సంస్థలకు కలిపి రూ.2,87,436 కోట్లు సిఫారసు చేసింది. అయితే ఈ సొమ్ము సక్రమంగా ఏర్పడిన, అంటే ఎన్నికైన పాలకవర్గం ఉన్న సంస్థలకే అందుతుంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో, 2021–26 గ్రాంట్లకూ ఈ నియమం కొనసాగింది. గ్రామీణ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకే ఖర్చుచేయాలి. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు. కేంద్రం నుంచి వచ్చిన సొమ్మును రాష్ట్రం పది పనిదినాలలో స్థానిక సంస్థలకు చేర్చాలి, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి.

ఇక్కడొక సూక్ష్మమైన లోపం ఉంది. నిధుల బదిలీలో ఆలస్యం చేస్తే రాష్ట్రానికి వడ్డీ భారం పడుతుంది. ఎన్నికలలో ఆలస్యం చేస్తే రాష్ట్రం సొంత ఖజానా నుంచి చెల్లించవలసినది ఏమీ లేదు. ఆ శిక్ష నేరుగా ఊరికి పడుతుంది.

2018 నుంచి 2021 వరకు

2013లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టు 1తో ముగిసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేకాధికారులను నియమించింది. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి హైకోర్టు ఈ ఏర్పాటును తప్పుబట్టి, మూడు నెలల్లో ఎన్నికలు జరపాలని ఆదేశించింది. అప్పుడు ఎన్నికలు జరగలేదు. ప్రభుత్వం మారింది. 2020 మార్చిలో ప్రకటన వెలువడింది. 14వ ఆర్థిక సంఘం కాలం ఆ నెల 31తో ముగుస్తుంది కనుక తొందర అంతా దానికే. మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఎన్.రమేశ్ కుమార్ కరోనా కారణంగా ఎన్నికలు వాయిదా వేశారు. దాదాపు రూ.5,000 కోట్ల కేంద్ర నిధులు పోతాయన్నది ముఖ్యమంత్రి ఆక్షేపణ. ఏడాదిన్నరకు పైగా ఎన్నికలు లేకుండా గడచిన తరువాత, చివరి రెండు వారాలలో ఈ లెక్క అంత గట్టిగా వినిపించడం విచిత్రమే.

తరువాత జరిగినది మన విషయానికి మరింత దగ్గర. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో కమిషనర్ పదవీకాలాన్ని మూడేళ్లకు కుదించింది. ఫలితంగా రమేశ్ కుమార్ పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసింది. నియమితులైన ప్రత్యేకాధికారులను తొలగించగల ఎన్నికను జరిపించవలసిన వ్యక్తినే తొలగించే ప్రయత్నం అది. చివరకు 2021 జనవరి 25న సుప్రీంకోర్టు అడ్డంకి తొలగించాక, ఫిబ్రవరిలో నాలుగు దశల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

డెల్టాలో దీని అర్థం

పులిగడ్డ వద్ద కృష్ణ చీలి, రెండు పాయల నడుమ దివిసీమను ఏర్పరచింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వంటి ఊళ్లకు కాలువ నీరు శివారున అందుతుంది. సముద్ర తీరానికి దగ్గరయ్యేకొద్దీ భూగర్భజలం ఉప్పన. అందుచేత కాలువలో నీరున్నప్పుడు మంచినీటి చెరువు నింపుకొని, వేసవి గడుపుకోవడం ఇక్కడి ఊళ్ల ఆచారం. చెరువు పూడిక, గట్టు, వడపోత పడకలు, పైపుల మరమ్మతు ఇవన్నీ పంచాయతీ ఖర్చులే. ఆర్థిక సంఘం గ్రాంటులో తాగునీటికి కట్టుబెట్టిన వాటా నిలిచిపోతే మెట్ట ప్రాంతపు గ్రామం బోరు వేసుకోవచ్చు. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికి ఆ దారీ లేదు.

పట్టణాల కథ వేరు. 1866 నుంచి పురపాలక సంఘంగా ఉన్న మచిలీపట్నం నగరపాలక సంస్థగా మారింది. 2014లో ఎన్నికైన పురపాలక పాలకవర్గాల గడువు 2019 జూలైలో తీరింది. 2021 మార్చి 10న 12 నగరపాలక సంస్థలకు పోలింగ్ జరిగినప్పుడు వాటిలో మచిలీపట్నం ఉంది. అదే రోజు ఎన్నికలు జరిగిన పురపాలక సంఘాలలో పెడన, నూజివీడు ఉన్నాయి, గుడివాడ లేదు. పరిసర గ్రామాల విలీనం, న్యాయవివాదాలు వంటి కారణాలతో పక్కన పెట్టిన పట్టణాలలో అది ఒకటి. నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న రెండు పట్టణాలలో ఒకదానికి మేయరు వచ్చారు, మరొకటి ప్రత్యేకాధికారి కిందనే మిగిలింది. రెండు పట్టణాల పౌరులూ ఒకే కేంద్ర ప్రభుత్వానికి పన్ను కడుతున్నారు.

ఎన్నిక జరిగితే చాలునా అన్నదీ ఆలోచించాలి. 2021 నవంబరులో కొత్త సర్పంచులు తమ పంచాయతీ ఖాతాలు ఖాళీ అయ్యాయని ఆందోళనకు దిగారు. ఆర్థిక సంఘం సొమ్మును ప్రభుత్వం విద్యుత్ బకాయిలకు మళ్లించింది. ఆ బకాయిలలో చాలావరకు ప్రత్యేకాధికారుల కాలంలో పేరుకున్నవేనని సర్పంచుల వాదన. తెలంగాణలోనూ ఇటువంటి ఖాళీ ఏర్పడింది. అక్కడ 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన సాగి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఆలస్యం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు.

షరతును ఎటు తిప్పాలి

ఎన్నిక లేనిచోట గ్రాంటు ఆపడం సూత్రరీత్యా సరైనదే. అది లేకపోతే ప్రత్యేకాధికారుల పాలనకు ముగింపే ఉండకపోవచ్చు. కానీ ఎన్నిక జరపనిది రాష్ట్రం, సొమ్ము కోల్పోయేది గ్రామం. ఆపిన మొత్తాన్ని ఆ గ్రామం పేరనే విడిగా నిలిపి, పాలకవర్గం ఏర్పడగానే ఆర్థిక సంఘం గడువుతో నిమిత్తం లేకుండా విడుదల చేయడం ఒక మార్గం. ఎన్నిక ఆలస్యమైన కాలానికి వడ్డీని రాష్ట్రం మీద మోపడం మరొకటి. నిధుల బదిలీలో జాప్యానికి వడ్డీ ఇప్పటికే ఉన్నందువల్ల ఇది కొత్త సూత్రం కాదు. వార్డుల విభజన, రిజర్వేషన్ల లెక్కలు పూర్తికాలేదన్న కారణంతో ఎన్నికలు ఆపరాదని సురేశ్ మహాజన్ కేసులో (2022 మే) సుప్రీంకోర్టు చెప్పింది. గ్రామాల విలీనం వివాదంలో ఉన్నచోట పాత హద్దులతోనే ఎన్నిక జరిపి, విలీనాన్ని తరువాతి పదవీకాలానికి వదలవచ్చునా అన్నది గుడివాడ వంటి పట్టణాల విషయంలో ముందు తేలవలసిన ప్రశ్న.